బీరువాలో నలభై మూడు పడవలు

మా ఆఫీసు గురించి బయట జనం నానా రకాలుగా అనుకుంటారు. అనుకోనివ్వండి. పాతికేళ్ళుగా అందులో సీనియర్ అసిస్టెంటుగా అరిగిపోయినవాణ్ణి, నాకు తెలియదా? మా పెదరేవులో 'తీర నౌకల నమోదు, సంరక్షణ కార్యాలయం' అన్న బోర్డు కింద ఇంతవరకూ నియమం లేకుండా ఒక్క పనీ జరగలేదు. నియమం ఉండి కూడా జరగని పనులంటారా, అది వేరే సంగతి.

సత్యలింగం మాస్టారి పుస్తకాల విషయంలోనూ మేము నియమం తప్పలేదు. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఊళ్ళో ఈ కథ ఇంకోలా తిరుగుతోంది.

మాస్టారు మునిసిపల్ హైస్కూల్లో ముప్ఫై రెండేళ్ళు డ్రాయింగు చెప్పారు. నాకూ చెప్పారు. నేను వేసిన కొబ్బరిచెట్టు చూసి, "చీపురు బాగా వచ్చిందిరా నూకరాజూ" అన్న మనిషి. పెళ్ళీ పెటాకులూ లేవు. ఉన్న పిచ్చల్లా ఒకటే, పాత ఓడ ప్రయాణాల బొమ్మల పుస్తకాలు. రెండు వందల ఏళ్ళ కిందట తెల్లవాళ్ళు ఓడలేసుకుని దక్షిణ సముద్రాలకు పోయేటప్పుడు బొమ్మలు వేసేవాళ్ళను కూడా వెంట తీసుకుపోయేవారట. కనబడ్డ దీవినీ, చేపనూ, మనిషినీ వేయించి, అచ్చు కొట్టించి, ఒక్కో ప్రతికీ చేత్తో రంగులు అద్దించేవారట. అలాంటివి మాస్టారు దొరల క్లబ్బు సామాను వేలం వేసినప్పుడు కొన్ని, చిత్తుకాగితాల కొట్లలో కొన్ని పట్టుకున్నారు. ఒక్క పుస్తకం కోసం పాండిచ్చేరికి మూడుసార్లు తిరిగారు. అది ఫ్రెంచి పుస్తకం. ఆయనకు ఫ్రెంచి ముక్క రాదు. అడిగితే, "బొమ్మకి భాషేంట్రా" అనేవారు. అందులో యాభై రంగుల బొమ్మలు. నలభై మూడు పుస్తకాల్లోనూ ఆయన ప్రాణం అదే.

జనవరిలో పైనుంచి మాకొక సర్క్యులర్ వచ్చింది. ఆ ఏడు పైవాళ్ళకు సముద్ర వారసత్వం మీద హఠాత్తుగా ప్రేమ పుట్టింది. 'సముద్రయాన వారసత్వమునకు సంబంధించిన పాత నౌకలు, వాటి భాగములు, నమూనాలు, చిత్రములు, గ్రంథములు సర్వమూ నమోదు చేయవలెను. ప్రత్యేక నియమావళి వెలువడు వరకు, శాఖలో ఇప్పటికే అమలులో నున్న నియమములే వీటికిని వర్తించును' అని అందులో ఉంది.

శాఖలో అమలులో ఉన్న నియమాలన్నీ చేపల పడవల నియమాలు. వేరేవి మాకు లేవు.

మా అసిస్టెంట్ డైరెక్టరు పట్టాభిగారు ఆ కాగితం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. ఆయన ఇంట్లో మంచినీళ్ళు అడిగినా ఫైలు భాషలోనే అడుగుతారని చెప్పుకుంటారు. "నూకరాజుగారూ, మన టార్గెట్టు నాలుగు వందల నౌకలు. నమోదైనవి మూడు వందల యాభై ఏడు. తక్కినవి మొన్న తుఫానులో విరిగిపోయినవని మీరు నివేదించియున్నారు."

"అవునండి. కట్టెలకి అమ్మేసుకున్నారు."

"నౌక విరుగును గానీ టార్గెట్టు విరగదు. సత్యలింగంగారి వద్ద గ్రంథములు ఎన్ని?"

నేను నిజమే చెప్పాను. అబద్ధం చెప్పే అలవాటు లేకపోవడం ఒక్కోసారి ఎంత ముప్పో అప్పటికి నాకు తెలియదు.

మార్చిలో తనిఖీకి వెళ్ళాం. ఇన్‌స్పెక్టరు సుగుణమణిగారికి ఉద్యోగం కొత్త, హుషారు ఎక్కువ. మాస్టారు మమ్మల్ని చూసి మురిసిపోయారు. ఆ పుస్తకాలు చూస్తామని గడప తొక్కినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు మరి. చాప వేశారు, కాఫీ కలిపారు, ఫ్రెంచి పుస్తకాన్ని పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులా ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టారు.

సుగుణమణిగారు ఫారం తీశారు. "పొడవు?"

నేను టేపు పట్టాను. "అడుగున్నర మీద మూడంగుళాలు."

"దేంతో కట్టింది?"

"దూడ తోలమ్మా," అన్నారు మాస్టారు. "ఈ పనితనం చూడు, మూలల్లో..."

"తోలు పడవ," అని రాసుకున్నారావిడ. "సిబ్బంది ఎంతమంది?"

"సిబ్బందేంటమ్మా, నేనొక్కణ్ణే."

"మీరు సరంగండి. పడవ నడిపేది మీరే కదా. సిబ్బందంటే లోపలున్నవాళ్ళు. నూకరాజుగారూ, లెక్కపెట్టండి."

నాలుగు రోజులు లెక్కపెట్టాను. ఎవరేమనుకున్నా సరే, ఆ లెక్కలో తప్పు పట్టలేరు. తెరచాపల వెనక సగమే కనబడేవాళ్ళతో కొంచెం చిక్కు వచ్చింది. రెండు సగాలు ఒకటిగా వేయమని పట్టాభిగారు ఫోనులో ఆదేశించారు. తుఫాను బొమ్మలో తొమ్మిది మంది నీళ్ళలో పడి ఉన్నారు. వాళ్ళను 'గల్లంతు' గడిలో వేసి తీరం గస్తీవాళ్ళకు కబురు పెట్టాం. వాళ్ళొచ్చి బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, సంఘటన తమ పరిధికి ఆవల జరిగినట్లుందని రాసిచ్చి వెళ్ళారు. మొత్తం సిబ్బంది వెయ్యిన్నీ తొమ్మిది వందల అరవై రెండు. మనిషికొక లైఫ్ జాకెట్టు ఉండాలి. పట్టాభిగారు దయతలచి, పుస్తకానికి ఒకటి చాలన్నారు. నలభై మూడు జాకెట్లూ బీరువా పక్కన పేరిస్తే మాస్టారి మంచానికి చోటు లేకపోయింది. ఆయన మంచం తీసుకెళ్ళి వరండాలో వేసుకున్నారు.

అప్పటిదాకా ఆయన నవ్వుతూనే ఉన్నారు. నంబరు వేయడానికి నీలం రంగు డబ్బా మూత తీశాక నవ్వు ఆగింది. నియమం ప్రకారం పడవకు రెండు పక్కలా తొమ్మిదంగుళాల అంకెలు ఉండాలి. మాస్టారు బీరువాకు అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాచారు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఆ రంగు నా మొహానికి పుయ్యండి. వాటికొద్దు."

ఎంతోమందికి డ్రాయింగు నేర్పిన చేతులవి. డబ్బా మూత నేనే మళ్ళీ బిగించేశాను. నంబర్లు రేకు ముక్కల మీద రాయించి పురికొసతో పుస్తకాలకు కట్టేలా నేనే సర్దుబాటు చేశాను. అలా మా టార్గెట్టు నూటికి నూరు శాతం పూర్తయింది. పట్టాభిగారికి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించాం.

ఏప్రిల్ మొదట్లో మాస్టారు నన్ను బజార్లో ఆపారు.

"ఒరే, కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళానురా. లోపలి పొర ఊడిపోతోందంట. ఆపరేషను చేసినా లాభం లేదంట. వానలు పడే వేళకి మొత్తం పోద్ది, చూసుకోవాల్సినవేమైనా ఉంటే ఈలోగా చూసేసుకోండి మాస్టారూ అన్నాడు."

ఆయనే నా భుజం తట్టారు.

"ఏం పర్లేదులే. లెక్కేసుకున్నాను. పొద్దున పూట గంటసేపే చూపు నిలుస్తోంది. రోజుకొక బొమ్మ. యాభై బొమ్మలు, యాభై రోజులు. ఒక్కోదాన్నీ గంటసేపు చూసి, కళ్ళు మూసుకుని, మళ్ళీ చూసి, అప్పజెప్పుకుంటున్నా. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టే. యాభై లోపల పెట్టేసుకుంటే ఇక కళ్ళుంటే ఎంత, పోతే ఎంత."

నాలుగో తారీఖున మొదలుపెట్టారు. పద్నాలుగో తారీఖుకు పదకొండు బొమ్మలయ్యాయి.

పదిహేనో తారీఖున చేపల వేట నిషేధం వచ్చింది.

తీరంలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ళ కోసం చెబుతాను. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. అరవై ఒక్క రోజులు మరబోట్లు ఒడ్డు విడవకూడదు. నమోదైన ప్రతి నౌకనూ లంగరు వేయించి, కదల్లేదని రోజూ చూసుకోవడం మా విధి. మాస్టారి నౌకలు బీరువాలో ఉంటాయి కాబట్టి బీరువాకే తాళం వేసి, లక్క సీలు కొట్టాం. సీలు నేనే కొట్టాను. కొడుతుంటే మాస్టారు తాళం కప్ప కేసే చూస్తూ నిలబడ్డారు.

మర్నాడు ఆఫీసు తెరిచేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పట్టాభిగారి గదిలోకి నేనే తీసుకెళ్ళాను.

"అయ్యా, నాకు అరవై ఒక్క రోజులు లేవండి," అన్నారు మాస్టారు. "ఒక్క పుస్తకం వదిలెయ్యండి. ముప్ఫై తొమ్మిది బొమ్మలు మిగిలిపోయాయి. తక్కినవన్నీ మీ దగ్గరే ఉంచుకోండి."

"మీ ఆవేదన కార్యాలయ దృష్టిలో ఉన్నది," అన్నారు పట్టాభిగారు. "అయితే నిషేధము యొక్క ఉద్దేశము మత్స్య సంపద పునరుత్పత్తి."

"నా పుస్తకాల్లో చేపలు గుడ్లు పెట్టవు కదండీ."

పట్టాభిగారు ఫైలు తిరగేశారు. "తనిఖీ నివేదిక ప్రకారం పదిహేడవ చిత్రమున చేపలు కలవు. సంఖ్య ఆరు. గుడ్లు పెట్టవని ధ్రువీకరణ ఏదైనా సమర్పించగలరా?"

మాస్టారు నా వైపు చూశారు. ఆ చేపల్ని లెక్కపెట్టింది నేనే మరి.

నేనూ మనిషినే. నియమాల పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి రెండు రోజులు తిరగేశాను. దొరికింది. ఇంజను లేని నాటుపడవలకు నిషేధం లేదు. పరుగెత్తుకెళ్ళి పట్టాభిగారికి చూపించాను. ఆయన మెచ్చుకున్నారు కూడా. సుగుణమణిగారిని పిలిచి, "సదరు నౌకకు యంత్రము ఉన్నదా?" అని అడిగారు.

ఆవిడ నిజాయితీపరురాలు. మాస్టారినే పిలిపించి అడిగారు. "మాస్టారూ, ఆ బొమ్మలు చూడ్డానికి కరెంటు లైటేమైనా వాడతారా?"

"వాడతానమ్మా. చూపు తగ్గింది కదా, బల్ల లైటు పెట్టుకుంటాను."

"అంటే కరెంటు మీద నడుస్తుందన్నమాట," అని ఆవిడ బాధగా రాసుకున్నారు. ఇంజను గడిలో 'కలదు' అని పడింది.

"లైటు తీసేస్తానమ్మా. కిటికీ దగ్గర ఎండలో చూసుకుంటాను."

"అయితే మరబోటు నుంచి నాటుపడవకి మార్పు కోరుతూ అర్జీ పెట్టుకోండి," అన్నారు పట్టాభిగారు. "నౌకను బయటికి తీసి నడిపించి చూసిన పిమ్మట మార్పు చేయబడును."

"అయితే ఇప్పుడే తీసి చూడండి బాబూ."

"నిషేధ కాలములో నౌకను బయటికి తీయరాదు గదా."

మాస్టారు "మీరన్నదీ నిజమేలెండి," అని వెళ్ళిపోయారు. ఆయన తిడితే బాగుండునని నాకనిపించింది. అర్జీ మాత్రం రాయించుకుని తీసుకున్నాం.

తర్వాత రోజూ పొద్దున్నే సీలు చూసి సంతకం పెట్టడానికి నేను ఆ ఇంటికి వెళ్ళేవాణ్ణి. మాస్టారు బీరువా ముందు కుర్చీ వేసుకుని, బొమ్మలు చూసే ఆ గంటా కూర్చునే ఉండేవారు. అప్పజెప్పిన పదకొండు బొమ్మలనూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ పైకి చెప్పేవారు. మూడో బొమ్మ, మంచు కొండ, దాని నీడ ఆకుపచ్చగా. ఏడో బొమ్మ, వంట కుండ చుట్టూ నావికులు, ఒకడి చెప్పుకి చిల్లు. పదకొండు అయ్యాక ఆగిపోయేవారు. పన్నెండోదానికి ఎత్తిన వేలు గాల్లోనే ఉండిపోయేది.

"పన్నెండోది ఏదో ఒడ్డురా. ఇదివరకు ఎన్నిసార్లు చూశానో. ఉన్నట్టే ఉంటుంది, దగ్గరికెళితే చెదిరిపోతోంది. వెధవ బుర్ర, అప్పుడు, తర్వాత తీరిగ్గా చూడొచ్చులే అనుకుంది."

మే నెల చివర ఒకరోజు నేను గుమ్మంలో నిలబడ్డాను. "ఎవరూ?" అన్నారు. నేనని చెప్పాను. నన్ను చూసి కాదు, గొంతు విని తల ఊపారు. ఆ రోజు సీలు సరిగానే ఉంది. రిజిస్టరులో 'నౌకలు కదల్లేదు' అని రాసి సంతకం పెట్టి వీధిలోకొచ్చాక నాకు ఏడుపొచ్చింది. సీలు పగలగొట్టి ఉండొచ్చు కదా అని మీరంటారు. నేనూ అనుకున్నాను. అనుకుని ఆఫీసుకెళ్ళాను. నా పిరికితనానికి నేను వేరే పేరేమీ పెట్టుకోను.

జూన్ పదిహేనున నిషేధం ఎత్తేశారు. రేవులో పడవలకు కొబ్బరికాయలు కొట్టి, జెండాలు కట్టి నీళ్ళలోకి దింపారు. సమాన న్యాయం ఉండాలి కాబట్టి బీరువాకు కూడా కట్టాం. పట్టాభిగారు స్వయంగా వచ్చారు, ఫోటోగ్రాఫరు వచ్చాడు, సుగుణమణిగారు పసుపు కుంకుమ తెచ్చారు. మాస్టారికి కండువా కప్పి బీరువా పక్కన నిలబెట్టారు. ఆయన ఫోటోగ్రాఫరు ఉన్న వైపు కాకుండా ఇంకో వైపు తిరిగి నవ్వారు.

"నేటితో నిషేధము తొలగినది," అన్నారు పట్టాభిగారు. "అయితే ఏటా వేటకు వెళ్ళుటకు ముందు సరంగుకు కంటి పరీక్ష విధిగా జరపవలెను. లాంఛనమే, రెండు నిమిషముల పని."

సుగుణమణిగారు గోడకు అక్షరాల అట్ట తగిలించారు. పైన ఉన్న అక్షరం అరచేయంత ఉంది.

"చదవండి మాస్టారూ," అన్నారావిడ.

"ఏది చదవమంటారమ్మా?"

"గోడ మీది అట్టండి."

"గోడ ఎటుంది?" అన్నారు మాస్టారు.

ఫోటోగ్రాఫరు కెమెరా దించేశాడు. సుగుణమణిగారు మొహం పక్కకు తిప్పుకున్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూశాను, కాదనను. పట్టాభిగారు మాత్రం కొంచెంసేపు ఆలోచించి, "సరంగు అనర్హుడైనందున నౌకలు బయలుదేరుటకు వీలు లేదు. తదుపరి ఆదేశముల కొరకు ఫైలు సమర్పించుడు," అని నాతో అన్నారు. కొబ్బరి ముక్కలు పంచేసి వచ్చేశాం. పుస్తకాలు లోపలే ఉండిపోయాయి.

పట్టాభిగారు చెడ్డవారని నేననను. వారం రోజులు ఆ ఫైలు మీదే కూర్చుని, నియమాల్లోనే మాస్టారికి దారి వెతికారు. సరంగు లేని నౌక నడవదు. నడవని నౌక నౌక కాదు. నౌక కానిదానికి నమోదు అక్కర్లేదు. నమోదు లేనిదానికి నిషేధమూ లేదు, సీలూ లేదు, జాకెట్టూ లేదు. ఆ నెల టార్గెట్టు ఎలాగూ పూర్తయి, ప్రశంసాపత్రం గోడకెక్కింది కాబట్టి అభ్యంతరం చెప్పేవాళ్ళు కూడా లేరు. ఉత్తర్వు చూస్తుండగానే తయారైంది. అందజేసి రమ్మని నన్నే పంపారు.

బయట తొలకరి పడుతోంది. మాస్టారు వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నారు.

"ఉత్తర్వు వచ్చిందండి," అన్నాను.

"చదువు మరి. నేను చదవలేను కదరా."

చదివాను. "విషయము: శ్రీ సత్యలింగంగారి నలభై మూడు నౌకల నమోదు రద్దు గురించి. సరంగు వారికి పూర్తిగా దృష్టి లోపించినట్లు నిర్ధారణ అయినందున, సదరు నమోదు ఇందుమూలముగా రద్దు చేయడమైనది. ఇకపై సదరు గ్రంథములను యజమాని తమ ఇష్టానుసారము, ఏ సమయమందైనను, ఎంతసేపైనను చూచుకొనవచ్చును."

చివరి వాక్యం దగ్గర సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కింద ఇంకో ముక్క ఉంది, అదీ చదివాను. "పై ఉత్తర్వును స్వయముగా చదువుకొని సంతకము చేయడమైనది."

"ఎక్కడ పెట్టాలి?" అన్నారు మాస్టారు.

ఆయన వేలు పట్టుకుని చోటు చూపించాను. అంత చక్కటి అక్షరాలు రాసే మనిషి సంతకం గీత దాటి, కాగితం దాటి, నా అరచేతి మీదికి వచ్చింది.

నేను లోపలికెళ్ళి సీలు పగలగొట్టాను. ఫ్రెంచి పుస్తకం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. రేకు ముక్క పీకి అవతల పారేశాను. ఆయన అట్టను ఒకసారి నిమిరి, ఎంతవరకు చూశారో గుర్తుకి దారం పెట్టుకున్న చోట తెరిచి, పుస్తకాన్ని నా వైపు తిప్పారు.

"పన్నెండోది. చెప్పు."

"ఓడ ఒకటండి, తెరచాపలు తొమ్మిది, ఒడ్డున పద్నాలుగు మంది..."

"అది నీ రిజిస్టరులో ఉందిలే. బొమ్మలో ఏముందో చెప్పరా."

అప్పుడు చూశాను. ఓడ వెళ్ళిపోతోంది. ఒడ్డున ఉన్నవాళ్ళు టోపీలు ఊపుతున్నారు. మార్చిలో ఆ పద్నాలుగు మందినీ పెన్సిలు పెట్టి ఒక్కొక్కణ్ణీ లెక్కపెట్టి, సరిచూశానని సంతకం పెట్టినవాణ్ణి నేను. వాళ్ళలో ఒకడు టోపీ ఊపకుండా, దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడని నాకు అప్పుడే తెలిసింది.